పంపు పెంచితే బలంతోపాటు వేడీ పెరుగుతుంది
టర్బో లారీలకు ఎండాకాలం పరీక్ష.. గ్యాస్ బండ్లకు ప్లగ్గే కీలకం

విజయవాడ (ఆటోనగర్): ఎండలు ముదిరితే ఘాట్ రోడ్లపై ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. మారేడుమిల్లి - చింతూరు మార్గంలో గానీ, అనంతగిరి మీదుగా అరకు వెళ్లే దారిలో గానీ మలుపు పక్కన లోడు లారీ ఆగి ఉంటుంది. క్యాబిన్ పైకెత్తి ఉంటుంది. రేడియేటర్ నుంచి ఆవిరి చిమ్ముతుంటుంది. నీళ్ల డబ్బా పట్టుకున్న క్లీనరు దగ్గరకు వెళ్లలేక దూరంగా నిలబడి ఉంటాడు. మరో రెండు రోజులకు ఆ లారీ ఏ షెడ్డులోనో హెడ్డు విప్పిన స్థితిలో ఉంటుంది.

ఇలా ఆగిన బండ్లలో కొన్నింటి వెనుక ఒకే కథ ఉంటుంది. కంపెనీ ఇచ్చిన బలం చాలడం లేదని యజమాని 'పంపు కాస్త పెంచించి' ఉంటాడు. పాత బండ్లలో ఇంధన పంపు సీలు తెంచి స్క్రూ తిప్పుతారు. ఎలక్ట్రానిక్ నియంత్రణతో వచ్చిన బండ్లలో, ముఖ్యంగా 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 బండ్లలో, స్క్రూ తిప్పే పని లేదు. ల్యాప్‌టాప్ తగిలించి ఇంజిను కంప్యూటర్‌లోని ప్రోగ్రాంనే మార్చేస్తారు. పద్ధతి ఏదైనా జరిగేది ఒకటే. ఇంధనం ఎక్కువ పడుతుంది, టర్బో ఎక్కువ గాలి నెడుతుంది, బండి ఎత్తును సులువుగా ఎక్కుతుంది. డ్రైవరు సంతోషిస్తాడు. అదనంగా పుట్టిన వేడి ఎటు పోవాలన్న ప్రశ్న మాత్రం పంపు పెంచిన చోట ఎవరూ అడగరు.

కిరాయి పెరగకపోయినా లోడు పెరుగుతున్న రోజుల్లో యజమానిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. కాకపోతే ఫైనాన్సులో ఉన్న బండికి ఇంజిను పట్టేస్తే మరమ్మతు ఖర్చుతోపాటు బండి నిలిచిన నెలల వాయిదాలూ మీదపడతాయి. పంపు పెంచాలనుకునే వారు ముందుగా ఈ వేడి లెక్క తెలుసుకోవడం అవసరం.

వేడి లెక్క ఇదీ

లారీ ఇంజినులో కాలిన డీజిల్ శక్తిలో చక్రాలను తిప్పడానికి దక్కేది సుమారు 40 శాతం. మిగిలినదంతా పొగగొట్టం నుంచీ, రేడియేటర్ నుంచీ వేడిగా బయటకు పోవాల్సిందే. అంటే బలం పెంచిన ప్రతిసారీ అంతకంటే ఎక్కువ వేడిని కూడా కొనుక్కుంటున్నట్లే.

టర్బో పొగ వేగంతో తిరుగుతుంది. నిమిషానికి 80 వేల నుంచి లక్ష పైచిలుకు చుట్లు తిరుగుతూ గాలిని నొక్కి ఇంజినులోకి పంపుతుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు గొట్టం చివర చెయ్యి పెడితే కాలుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. బయట 45 డిగ్రీల ఎండలో ఉన్న గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే టర్బో నుంచి బయటపడేసరికి అది 130 డిగ్రీలు దాటుతుంది. దాన్ని చల్లార్చడానికే రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్ ఉంటుంది. దాని రబ్బరు గొట్టం క్లిప్పు వదులై గాలి కారినా, రెక్కల్లో దుమ్ము నిండినా ఇంజినుకు అందే గాలి తగ్గి వేడి పెరుగుతుంది. నల్లపొగ వస్తోందని పంపు దగ్గర వెతికే మెకానిక్కులు ముందు ఈ గొట్టాన్ని తడిమి చూడటం మేలు.

ఎండ ప్రభావం ఎంతో కూడా లెక్క కట్టవచ్చు. రేడియేటర్ తనలోని నీటికీ, బయటి గాలికీ ఉన్న తేడాను బట్టి పనిచేస్తుంది. నీరు 95 డిగ్రీల వద్ద, గాలి 25 వద్ద ఉంటే తేడా 70. అదే గాలి 45కు చేరితే తేడా 50 మాత్రమే. అంటే చలికాలంతో పోలిస్తే రేడియేటర్ సామర్థ్యంలో నాలుగోవంతుకు పైగా ఎండ తినేస్తుంది. పుష్య మాసంలో పంపు పెంచించుకుని 'ఏమీ కాలేదు' అనుకున్న బండి వైశాఖంలో ఘాట్‌పై ఆగిపోవడానికి కారణం ఇదే.

పొగ నల్లబడితే

డీజిల్ ఇంజినులో ఇంధనం ఎంత ఎక్కువ పడితే పొగ అంత వేడెక్కుతుంది. చాలినంత గాలి లేకపోతే కాలని డీజిల్ మసిగా బయటకు వస్తుంది. నల్లపొగ బలానికి గుర్తు అనే నమ్మకం మన డ్రైవర్లలో ఇంకా ఉంది. నిజానికి అది డబ్బు కాలిపోతున్న గుర్తు.

పిస్టన్‌లోని అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగే లోహం. ఇంధనం అంటుకున్న క్షణంలో లోపలి వాయువు రెండు వేల డిగ్రీలు దాటుతుంది. అయినా పిస్టన్ కరగడం లేదంటే ఆ వేడిని రింగుల ద్వారా లైనరుకు, అక్కడి నుంచి నీటికి, కింది నుంచి చిమ్మే ఆయిల్‌కు ఎప్పటికప్పుడు అప్పగిస్తూ ఉండటమే కారణం. ఈ అప్పగింత ఆలస్యమైతే కథ ముగిసినట్లే.

డ్యాష్‌బోర్డుపై ఉండే నీటి వేడి ముల్లు ఈ విషయంలో ఆలస్యంగా మేలుకొంటుంది. పొగ వేడిని చూపే మీటరు మాత్రం సెకన్లలో చెప్పేస్తుంది. దాని సెన్సరును టర్బోకు ముందే బిగించాలి. టర్బో దాటాక బిగిస్తే లోడులో వంద డిగ్రీలకు పైగా తక్కువ చూపి మోసం చేస్తుంది. టర్బోకు ముందు 700 డిగ్రీలు దాటి నిలకడగా ఉంటే వెంటనే గేరు తగ్గించి, ఎక్సలేటర్ సడలించాలి. పంపు పెంచడానికి వేలు ఖర్చు చేసేవారు ఈ మీటరుకు వెనుకాడటం విచిత్రం.

బీఎస్-6 డీజిల్ బండ్లలో మరో చిక్కు ఉంది. పొగలోని మసిని పట్టే ఫిల్టరు సైలెన్సరులోనే ఉంటుంది. ప్రోగ్రాం మార్చి ఇంధనం పెంచితే ఆ ఫిల్టరు త్వరగా పూడుకుపోతుంది. పొగకు దారి ఇరుకై ఇంజిను మరింత వేడెక్కుతుంది.

రేడియేటర్ దగ్గర పొరపాట్లు

వేడెక్కుతోందనగానే మన వద్ద మొదట చేసే పని థర్మోస్టాట్ వాల్వు తీసి పారేయడం. ఇది చాలా ఇంజిన్లలో మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఇంజిను వేడెక్కాక ఆ వాల్వు రేడియేటర్ దారి తెరవడంతోపాటు పక్కదారిని మూసేస్తుంది. వాల్వే లేకపోతే పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉండి, వేడి నీటిలో కొంత భాగం రేడియేటర్ వైపు చూడకుండా తిరిగి ఇంజినులోకే చేరుతుంది. వాల్వు చెడితే కొత్తది వేయాలి తప్ప ఖాళీగా వదలరాదు.

రెండోది మూత. రేడియేటర్ మూతను కేవలం మూతగా చూడటం పొరపాటు. అది లోపల ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. మామూలుగా 100 డిగ్రీల వద్ద మరిగే నీరు ఒక బార్ అదనపు ఒత్తిడిలో 120 డిగ్రీల దాకా మరగదు. సగానికి సగం కూలెంట్ కలిపితే ఈ హద్దు దాదాపు 130కి చేరుతుంది. మూత రబ్బరు చీలితే ఒత్తిడి ఇచ్చే ఈ రక్షణ పోతుంది. ఇంత చిన్న వస్తువు కోసం హెడ్ గ్యాస్కెట్ పోగొట్టుకునే బండ్లు ఉన్నాయి.

మూడోది నీరు. మెట్ట ప్రాంతాల్లో దాబా దగ్గరి బోరు నీటినే పోస్తుంటారు. ఆ నీటిలోని సున్నం లైనర్ల చుట్టూ, రేడియేటర్ గొట్టాల్లో పొరగా కడుతుంది. కాఫీ గిన్నె అడుగున కట్టే తెల్లని పొర లాంటిదే ఇది. పలుచని పొర అయినా వేడిని అడ్డుకుంటుంది. శుద్ధి చేసిన నీటిలో కూలెంట్ కలిపి పోసి, పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చడమే దీనికి మందు.

ఇక రేడియేటర్ బయటి వైపు. ఊక, పత్తి దూది, మిర్చి యార్డుల దుమ్ము రెక్కల మధ్య ఇరుక్కుంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. ఇంటర్‌కూలరుకూ రేడియేటరుకూ మధ్యనున్న సందులో టార్చి వేసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. నీటి జెట్‌తో దగ్గరి నుంచి బలంగా కొడితే రెక్కలు వంగిపోతాయి. ఫ్యాను వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడితో కడగాలి. ఫ్యాను బెల్టు బిగువునూ, ఇంజిను వేడెక్కినప్పుడు ఫ్యాను వేగం అందుకుంటోందా అన్నదీ అదే సమయంలో చూసుకోవాలి.

గ్యాస్ లారీల సంగతి వేరు

డీజిల్ లారీకి స్పార్క్ ప్లగ్గు ఉండదు. నొక్కిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది. సీఎన్‌జీతో నడిచే టర్బో లారీల్లో మాత్రం ప్రతి సిలిండరుకూ ప్లగ్గు ఉంటుంది. డీజిల్ పనిలో తలపండిన మెకానిక్కులు కూడా తడబడేది ఇక్కడే.

ఈ విలేకరి బంధువు ఒకరు వాయిదాలపై గ్యాస్ లారీ కొన్నారు. ఎత్తు ఎక్కడం లేదని ప్రోగ్రాం మార్పించారు. ఆ తర్వాత ప్లగ్గులు మార్చాల్సి వచ్చినప్పుడు మర కొలత సరిపోయిందని దుకాణంలో దొరికిన వేరే కంపెనీ ప్లగ్గులు వేయించారు. మూడు వారాలు బండి బాగానే నడిచింది. నాలుగో వారం ఒక సిలిండరు పిస్టన్ అంచు కరిగింది. విప్పిన ప్లగ్గు పింగాణీపై ఇసుక రేణువుల్లా మెరిసే చుక్కలున్నాయి. అవి పిస్టన్ నుంచి వచ్చిన అల్యూమినియం అని హెడ్డు విప్పాక గానీ తెలియలేదు.

సంగతి ఏమిటంటే ప్లగ్గు కూడా వేడిని బయటకు పంపే ఒక చిన్న ద్వారం. దాని కొనకు తగిలిన వేడి లోపలి పింగాణీ మీదుగా మరలకు, వాషరుకు, అక్కడి నుంచి హెడ్డులోని నీటికి చేరాలి. కొనలో పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి ఆలస్యంగా దిగుతుంది. దీన్ని 'హాట్' ప్లగ్గు అంటారు. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా దిగుతుంది. అది 'కోల్డ్' ప్లగ్గు. నిప్పురవ్వ బలానికీ ఈ మాటలకూ సంబంధం లేదు.

ప్లగ్గు కొన 450, 500 డిగ్రీలకు పైన ఉంటేనే దానిపై పేరుకున్న మసి కాలిపోతుంది. 850 దాటితే ఆ కొనే నిప్పుకణికలా మారి, రవ్వ పుట్టకముందే గ్యాస్‌ను అంటిస్తుంది. పైకి వస్తున్న పిస్టన్‌పై అప్పుడే మంట విరుచుకుపడుతుంది. అంటుకున్న కొద్దీ వేడి పెరుగుతుంది, వేడి పెరిగిన కొద్దీ ఇంకా ముందుగా అంటుకుంటుంది. సీఎన్‌జీ నాకింగ్‌ను బాగా తట్టుకునే ఇంధనం కాబట్టి పెట్రోలు బండిలో వినిపించే టకటక శబ్దం ముందుగా హెచ్చరించకపోవచ్చు.

అందుకే బలం పెంచిన టర్బో ఇంజినుకు ఒక మెట్టు కోల్డ్ ప్లగ్గు వేస్తారు. ఒక్కో మెట్టుకు కొన వేడి సుమారు 70 నుంచి 100 డిగ్రీలు తగ్గుతుంది. మంచిదే కదా అని రెండు, మూడు మెట్లు దిగితే మరో బాధ. గ్యాస్ బంకు వరుసలో గంటలకొద్దీ ఐడిల్‌లో నిలిచే బండిలో కొన చాలినంత వేడెక్కక ఆయిల్ బూడిద పేరుకుంటుంది. రవ్వ తప్పుతుంది. కాలని గ్యాస్ సైలెన్సరులోని కెటలిటిక్ కన్వర్టరులోకి చేరి అక్కడ కాలుతుంది. కన్వర్టరు ఎర్రగా కాగి లోపలి జల్లెడ కరిగే ప్రమాదం ఉంది. వరిగడ్డి లోడుతోనో, ఎండుగడ్డి మీదనో ఆగే బండికి ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. ప్రోగ్రాం మార్చని బండికి పుస్తకంలో రాసిన ప్లగ్గు తప్ప మరేదీ వేయకూడదు.

నంబరు చూసి మోసపోవద్దు

ప్లగ్గు నంబర్ల విషయంలో కంపెనీల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో వేడిని తెలిపే అంకె పెరిగితే ప్లగ్గు కోల్డ్ అవుతుంది. బాష్, ఛాంపియన్‌లలో అందుకు పూర్తిగా తిరగబడి, అంకె పెరిగితే హాట్ అవుతుంది. ఒక కంపెనీ 7కు బదులు మరో కంపెనీ 7 ఇచ్చే దుకాణదారుకు ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది బండి యజమానే. మన బంధువు విషయంలో జరిగిందీ ఇదే. కంపెనీ మారినప్పుడు అంకెతో అంకె పోల్చకుండా, ఆయా కంపెనీల సమాన పట్టికతో సరిచూసుకోవాలి. మర పొడవు, వాషరు రకం కూడా ఒకటే కావాలి.

వాడిన ప్లగ్గు రంగు చూసి జాతకం చెప్పే అలవాటులోనూ జాగ్రత్త అవసరం. పెట్రోలు బండిలో పింగాణీ లేత కాఫీ రంగులో ఉంటే ఆరోగ్యం, తెల్లగా ఉంటే వేడి ఎక్కువ. గ్యాస్ శుభ్రంగా కాలుతుంది కాబట్టి మంచి ప్లగ్గు కూడా దాదాపు తెల్లగానో, లేత బూడిద రంగులోనో ఉంటుంది. ఆ తెలుపు చూసి బెదిరి కోల్డ్ ప్లగ్గు వేస్తే లేని రోగానికి మందు వేసినట్లవుతుంది. గ్యాస్ బండిలో చూడాల్సినవి పింగాణీపై పొక్కులు, గాజులాంటి మెరుపు, కరిగి గుండ్రబడిన ఎలక్ట్రోడ్ అంచు, పైన చెప్పిన మెరిసే చుక్కలు. చుక్కలు కనిపిస్తే బండిని మళ్లీ స్టార్ట్ చేయకుండా సిలిండరు లోపల చూపించాలి.

ఖాళీ కొలత అంటే ఎలక్ట్రోడ్ల మధ్య సందు కూడా ముఖ్యమే. టర్బో గాలిని ఎంత కుక్కితే రవ్వ ఆ సందును దాటడం అంత కష్టం. పైగా గ్యాస్‌ను అంటించడానికి పెట్రోలు కంటే బలమైన రవ్వ కావాలి. అరిగిన కొద్దీ సందు పెరిగి, కాయిల్‌పై భారం పెరిగి, లోడులో ఎత్తు ఎక్కేటప్పుడే బండి మిస్ కొడుతుంది. ఫీలర్ గేజితో కొలిచి పుస్తకంలోని కొలతకు మించకుండా చూడాలి. ఇరిడియం ప్లగ్గుల సన్నని కొనపై పట్టకారు ప్రయోగాలు చేయరాదు. అది ఇట్టే విరుగుతుంది.

బిగింపు గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వదులుగా ఉన్న ప్లగ్గు వాషరు హెడ్డుకు సరిగా ఆనక, వేడిని దించలేక, సరైన నంబరుదైనా హాట్ ప్లగ్గులా ప్రవర్తిస్తుంది. ఇంజిను పూర్తిగా చల్లారాకే ప్లగ్గు విప్పాలి. కొత్తది వేళ్లతో చివరి దాకా తిప్పి, ఆపై టార్క్ రెంచితో పుస్తకంలో చెప్పినంత బిగించాలి. రెంచి లేకపోతే వాషరు ఉన్న కొత్త ప్లగ్గును చేతిబిగువు తర్వాత సుమారు అర చుట్టు తిప్పితే సరిపోతుంది. వాషరు లేని ఏటవాలు అంచు ప్లగ్గుకు మాత్రం చుట్టులో పదహారో వంతు చాలు. మరలకు గ్రీజు పూస్తే చేతికి బిగువు తెలియక మరలు తెగే వీలుంది.

అమెరికా వీడియోలతో తంటా

ఈ మధ్య యువ మెకానిక్కులు ఇంటర్నెట్‌లో అమెరికా వీడియోలు చూసి కొలతలు మారుస్తున్నారు. అక్కడ ట్రక్కు అంటే చాలాసార్లు మన లారీ కాదు, వెనుక తొట్టి ఉన్న పికప్ వాహనం. ఫోర్డ్ సంస్థ 2011 మోడల్ నుంచి ఎఫ్-150 పికప్‌లో 3.5 లీటర్ల, రెండు టర్బోల పెట్రోలు ఇంజిను ఇస్తోంది. ట్రైలర్లు లాగేవారు, టెక్సాస్ వంటి చోట్ల స్థిరపడిన మన తెలుగువారిలో కొందరితో సహా, ఆ ఇంజిను ప్రోగ్రాం మార్చుకుని, ఒక మెట్టు కోల్డ్ ప్లగ్గు వేసి, సందును 0.7 మిల్లీమీటర్ల దగ్గరకు తగ్గిస్తుంటారు. అక్కడ 'గ్యాస్' అంటే పెట్రోలు. ఆ మాట పట్టుకుని ఆ కొలతలను మన సీఎన్‌జీ లారీకి తెచ్చి పెడితే ఏమవుతుందో ఊహించవచ్చు.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తోంది. 2019లో సవరించిన 182-ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ప్రోగ్రాం మార్చినట్లు తేలితే కంపెనీ వారంటీ కూడా నిరాకరించే అవకాశం ఉంది.

ఘాట్ ఎక్కేటప్పుడు

ఎత్తు మొదలయ్యే ముందే గేరు తగ్గించాలి. పెద్ద గేరులో ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి ఈడ్పిస్తే ఇంధనం ఎక్కువ పడుతుంది, ఫ్యాను, నీటి పంపు మాత్రం నెమ్మదిగా తిరుగుతాయి. చిన్న గేరులో ఇంజిను చురుగ్గా తిరిగితే చల్లదనం కూడా పెరుగుతుంది. వీలైతే లోడు బండ్లను తెల్లవారుజామున ఘాట్ ఎక్కించాలి.

పైకి చేరగానే ఇంజిను ఆపరాదు. రెండు, మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బో షాఫ్టుకు ఆయిల్ అందుతూ అది చల్లారుతుంది. వెంటనే ఆపితే ఆ వేడికి అక్కడి ఆయిల్ మాడి బొగ్గవుతుంది. మధ్యలోనే ముల్లు ఎర్రగీత దాటితే లోడు తగ్గించి పక్కకు ఆపాలి. నీరు కారిపోకుండా, ఫ్యాను తిరుగుతూ ఉంటే కాసేపు ఐడిల్‌లో ఉంచవచ్చు. నీరు కారిపోతుంటే వెంటనే ఆపేయాలి.

వేడిగా ఉండగా మూత తెరిస్తే మరుగునీరు ముఖాన చిమ్ముతుంది. కాగిన ఇంజినులో చల్లని నీరు పోస్తే హెడ్డు పగిలే ప్రమాదం ఉంది. కనీసం అరగంట ఆగి, పైగొట్టం చేతితో పట్టుకోగలిగినంత చల్లారాక, మూతపై మందపాటి గుడ్డ వేసి మొదటి మెట్టు వరకే తిప్పి ఆవిరిని వదలాలి. ఆ తర్వాత నీటి మట్టం, ఆయిల్ గేజి పుల్ల రెండూ చూడాలి. పుల్లపై ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ పోయి నీరు ఆయిల్‌లో కలిసిందని అర్థం. ఆ బండిని స్టార్ట్ చేయకుండా లాగించుకుని షెడ్డుకు చేర్చాలి.